కార్డు ఆగిన చోటు, తప్పు దొరికిన చోటు

సర్వర్‌లో నెట్‌వర్క్ పోగానే అందరూ డ్రైవర్ వైపే వేలు చూపిస్తారు. లాగ్‌లో కనిపించే పేరు అదే మరి. కానీ దెబ్బ ఎక్కడ బయటపడిందో లాగ్ చెబుతుంది గానీ, ఎక్కడ మొదలైందో చెప్పదు. ఈ తేడా ఎంత ముఖ్యమో 2008లో లినక్స్ చరిత్రే చూపించింది. ఆ ఏడాది సెప్టెంబరులో, 2.6.27 కర్నల్ ఇంకా పరీక్ష దశలో ఉండగా, ఇంటెల్ ఇ1000ఇ డ్రైవర్‌తో నడిచే కొన్ని కార్డులు మూగబోయాయి. రీబూట్ చేసినా, పాత కర్నల్‌కు మళ్లినా లేవలేదు. కార్డు తన అమరికలు దాచుకునే శాశ్వత మెమరీయే చెడిపోయింది. డ్రైవర్ మొదలవుతూనే ఆ మెమరీలోని మొదటి 64 పదాలను కూడుతుంది. మొత్తం హెక్సాడెసిమల్‌లో బీఏబీఏ రాకపోతే చెక్‌సమ్ తప్పిందని చెప్పి ఆగిపోతుంది. చెడిన సంగతిని నిజాయితీగా చెప్పిన డ్రైవరే ముందుగా ముద్దాయి అయింది. కొందరి అనుమానం గ్రాఫిక్స్ వైపూ పోయింది. ఉబుంటు తన పరీక్షా విడుదలలో ఆ డ్రైవర్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టేసింది.

అసలు దోషి ఎఫ్‌ట్రేస్. స్టీవెన్ రోస్టెట్ రాసిన ఈ సాధనానికి నెట్‌వర్క్‌తో ఏ సంబంధమూ లేదు. కర్నల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో గమనించడమే దాని పని. అందుకోసం ఫంక్షన్ల చిరునామాలను గుర్తుపెట్టుకుని, కాసేపయ్యాక అక్కడి ఆదేశాలను మార్చి రాసేది. ఈలోపు ఆ కోడ్ తొలగిపోయి, అదే చిరునామా మరో పనికి దక్కితే? ఆ ప్రశ్న రోస్టెట్‌కు తట్టకపోలేదు. రాసే ముందు అక్కడ పాత ఆదేశమే ఉందా అని సరిచూసే ఏర్పాటు పెట్టాడు. మామూలు మెమరీలో ఆ జాగ్రత్త చాలు. కానీ అందుకు వాడిన ప్రాసెసర్ ఆదేశం, విలువ సరిపోలకపోయినా ఉన్నదాన్నే తిరిగి రాస్తుంది. ర్యామ్‌లో దానివల్ల నష్టం లేదు. కానీ ఈసారి ఆ చిరునామా కార్డుకు దక్కింది; పరికరం రిజిస్టర్లలో ప్రతి రాతా ఒక ఆజ్ఞే. జాగ్రత్త కోసం చేసిన తనిఖీయే కార్డును చంపింది. అక్టోబరు 15న వచ్చిన 2.6.27.1లో ఆదేశాలను మార్చి రాసే ఆ సదుపాయాన్ని ఆపేశారు.

శాశ్వత మెమరీలో రాయడానికి వీలుగా వదిలేసింది డ్రైవరే కదా, దాని తప్పు లేదా అని అడగవచ్చు. ఉంది. అందుకే అసలు కారణం తెలియకముందే ఇంటెల్ ఇంజనీర్లు ఆ మెమరీకి తాళం వేశారు, అది మంచి పనే. అయితే ఆ తాళం కార్డును కాపాడిందే గానీ రోగాన్ని కుదర్చలేదు. అంతటితో సంతృప్తి పడి ఉంటే ఎఫ్‌ట్రేస్ మరో పరికరం మీద ఇలాగే రాసేది.

ఇది అరుదైన సంఘటన అనే వాదనకు బలముంది. కర్నల్ మారినప్పుడు డ్రైవర్ సరిపోకపోవడం, ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోవడం వంటివే ఎక్కువ. వెతుకులాట అక్కడే మొదలుపెట్టాలి. కానీ అక్కడే ఆపేయకూడదనడానికి 2013 ఫిబ్రవరిలో క్రిస్టియన్ కీల్‌హోఫ్నర్ బయటపెట్టిన ఉదంతం సాక్ష్యం. ఇంటెల్ 82574ఎల్ కార్డులు ఉన్నట్టుండి ఆగిపోయేవి. కరెంటు పూర్తిగా తీసి ఇస్తే తప్ప లేచేవి కావు. ప్యాకెట్‌లో 1151వ స్థానంలోని బైటు '2' అయితే కార్డు ఆగేది. అక్కడ '4' ఉన్న ప్యాకెట్ ముందే వస్తే, ఆ తరువాత '2' వచ్చినా ఏమీ అయ్యేది కాదు. ఇంత వింత లక్షణం చూస్తే ఎవరికైనా డ్రైవర్ లేదా చిప్ లోపమే అనిపిస్తుంది. ఇంటెల్ విచారణలో తేలింది వేరు: ఒక మదర్‌బోర్డు తయారీదారు కార్డు శాశ్వత మెమరీ అయిన ఈప్రామ్‌లో తప్పుడు అమరికలు నింపాడు. డ్రైవర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఆ తప్పు కదిలేది కాదు. కార్డు మెమరీనే చూడాలన్న ఈ పాఠానికి సరిపోయే సలహానే 2008లో ఇంటెల్ వాడుకరులకు ఇచ్చింది: ఎత్‌టూల్ అనే సాధనంతో కార్డు శాశ్వత మెమరీని ముందే ఒక ఫైలులోకి తీసిపెట్టుకోండి అని. బాగున్న రోజున తీసిన ఆ నకలు పక్కన పెట్టుకుంటే, కార్డులో ఏ బైటు మారిందో లాగ్‌ను నమ్ముకోకుండానే చూడవచ్చు.