రోగి మాట – యంత్రం ప్రశ్న: పటాన్‌చెరు నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రోగి చెప్పే వృత్తాంతం వైద్యానికి తొలి ఆధారం. దానిని కంప్యూటర్ ద్వారా రాబట్టే ప్రయత్నానికి అరవై ఏళ్ల చరిత్ర ఉంది. రసాయన, ఔషధ పరిశ్రమలకు నెలవైన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతం దృష్ట్యా ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఆరంభ దశ

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వార్నర్ స్లాక్, ఆయన సహచరులు లింక్ అనే కంప్యూటర్‌పై రోగులను ప్రశ్నించే పద్ధతిని రూపొందించి, 1966లో దాని ఫలితాలను ప్రకటించారు. తెరపై కనిపించే ప్రశ్నకు రోగే మీట నొక్కి జవాబు చెప్పేవాడు. ఆ జవాబును బట్టి తరువాతి ప్రశ్న మారేది. ‘అవును’, ‘కాదు’లతో పాటు ‘తెలియదు’, ‘అర్థం కాలేదు’ అనే జవాబులకూ చోటు కల్పించడం గమనార్హం. తన బాధకు తానే సాక్షి అనే గుర్తింపు రోగికి దీనివల్ల లభించింది.

తెలుగునాట 104

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంతో 104 ఆరోగ్య సమాచార సేవ మొదలైంది. హెచ్.ఎం.ఆర్.ఐ. సంస్థ దీనిని నిర్వహించింది. ఫోనులో బాధ విన్న సిబ్బంది, కంప్యూటర్ చూపే క్రమంలో ప్రశ్నలు అడిగి సలహా ఇచ్చేవారు. ఈ విధంగా రోగికీ యంత్రానికీ నడుమ మరో మనిషి నిలవడం వల్ల, చదువు రానివారికి కూడా సేవ అందింది. అయితే ఇటువంటి ప్రశ్నావళుల ప్రధాన లక్ష్యం బాధ తీవ్రతను అంచనా వేయడమే గాని, దాని మూలాన్ని వెదకడం కాదు.

పటాన్‌చెరు అడిగే ప్రశ్న

ఈ ప్రాంతంలో మూలమే ముఖ్యం. ఇక్కడి కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. స్థానిక వైద్యుడు అల్లాని కిషన్‌రావు ఈ సమస్యపై దీర్ఘకాలం పోరాడారు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. ఇటువంటి చోట దద్దు, దగ్గు, ఆయాసం వంటి లక్షణాలను నమోదు చేసినంత మాత్రాన వృత్తాంతం పూర్తికాదు. ‘నీ వృత్తి ఏమిటి?’ అని రోగిని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే సూచించాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ నిర్దిష్ట వృత్తివ్యాధులను అధికారులకు తెలపాలని వైద్యులను ఆదేశించింది. పని గురించి అడగనిదే ఆ విధి నెరవేరదు.

ముగింపు

యంత్రం అలసట లేకుండా అడగగలదు; కానీ తనలో పొందుపరచిన ప్రశ్నలనే అడుగుతుంది. ఏ విభాగంలో పని, ఏ రసాయనంతో, ఎన్నేళ్లుగా, తాగునీరు ఎక్కడిది అనే ప్రశ్నలు కార్మికుని భాషలో చేరినప్పుడే, విడివిడి బాధలు ఒక ప్రాంత ఆరోగ్య చరిత్రకు ఆధారాలవుతాయి. అవి చేరకపోతే కార్మికుని దగ్గు కేవలం దగ్గుగానే నమోదవుతుంది.