వదంతియు న్యాయపీఠమును: మంజోనీ నవల

1630లో ఇటలీయందలి మిలాన్ నగరమున ప్లేగు చెలరేగినపుడు, ఎవరో గోడలకు విషలేపనము పూసి వ్యాధిని వ్యాపింపజేయుచున్నారను వదంతి పుట్టెను. అలెస్సాండ్రో మంజోనీ 1827లో ప్రకటించిన ‘ఇ ప్రొమెస్సి స్పోజి’ నవలలో దీనిని చిత్రించెను. ఎనుబదేండ్లు దాటిన వృద్ధుడొకడు చర్చిలో కూర్చుండబోవుచు పైవస్త్రముతో బల్లను దులిపెను. విషము పూయుచున్నాడని స్త్రీలు కేకలు వేయగా, ప్రార్థనకు వచ్చిన జనమే అతనిని కొట్టి ఈడ్చుకొనిపోయిరి. ఇచట భయము ముందు పుట్టినది. సాక్ష్యము తరువాత దొరకినది.

గుంపు స్వభావమే ఇట్టిదని సరిపెట్టుకొనవచ్చునా? మంజోనీ అందుకు సమ్మతింపలేదు. నవల పరిష్కృత ముద్రణకు (1840-42) అనుబంధించిన చరిత్రలో పియాజ్జా, మోరా అనువారి విచారణను అతడు పరిశీలించెను. గోడవెంట నడచుచు చేయి తుడుచుకొనుటయే పియాజ్జాపై అనుమానమునకు మూలము. చిత్రహింసకును, క్షమాభిక్షయను ఆశకును లోబడి అతడు మంగలియైన మోరా పేరు చెప్పెను. ఇరువురును మరణశిక్ష పొందిరి. మోరా ఇంటిని కూల్చి ఆ చోట నిలిపిన అవమానస్తంభము 1778 వరకు ఉండెను.

ఈ ఘోరమునుండి పియెత్రో వెర్రి చిత్రహింసా విధానముయొక్క దోషమును నిరూపించెను. మంజోనీ మరియొక అడుగు ముందుకు వేసి, నాటి చట్టములతోనే న్యాయాధిపతులు సత్యమును గుర్తింపగలిగియుండిరని వాదించెను. వదంతిని పెంచినది గుంపు. దానిని తీర్పుగా మార్చినది న్యాయపీఠము. కావున ఇట్టి నవలలను విమర్శించువారు సమూహ మనస్తత్త్వముతోపాటు వ్యక్తి బాధ్యతను గూడ విచారింపవలసియున్నది.