రాకాసి గుళ్ళు

మా కోనసీమలో రాయి అన్నది కొని తెచ్చుకోవలసిన వస్తువు. ఎంత తవ్వినా మన్నే. ఇంకా తవ్వితే ఇసక, ఆ కింద నీళ్ళు. గోదావరి తల్లి వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు మీద కొబ్బరిచెట్టు మొలుస్తుంది గాని బండరాయి ఎక్కణ్ణించి మొలుస్తుంది? మా అమ్మమ్మ రుబ్బురోలు రాజమండ్రి నుంచి కాలవ పడవ మీద వచ్చిందట. అది దిగిన రోజున వీధి వీధంతా చూడ్డానికి వచ్చిందనీ, కొత్తకోడలిగా తను దిగిన రోజున కూడా అంత మంది రాలేదనీ చెప్పి నవ్వేది. కాటన్ దొరకి పక్కనే ధవళేశ్వరం కొండ ఉండబట్టి సరిపోయింది. లేకపోతే 1847లో మొదలుపెట్టిన ఆనకట్టని 1852 నాటికి ఏం పెట్టి కట్టేవాడు?

రాళ్ళెరగని దేశంలో పుట్టినదాన్ని గనకనే కాబోలు, మొదటిసారి జానంపేట వెళ్ళినప్పుడు అలా నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మా ఆడపడుచు భర్త మణుగూరు బొగ్గుగనుల్లో పని చేసే రోజుల్లో వాళ్ళింట్లో నాలుగు రోజులున్నాను. మధ్యాహ్నం పూట తోచక కూర్చుంటే, "రామ్మా చెల్లాయ్, నీ కథలకి పనికొచ్చేవి చూపిస్తాను" అని అన్నయ్యగారు బయల్దేరదీశారు. పినపాక దాటాక జానంపేట. ఊరి పక్కన గుట్టలూ పొదలూ. పొదల మధ్య ఒకటి కాదు రెండు కాదు, ఎటు చూసినా రాతి గూళ్ళే. నేల మీద రాళ్ళతో గుండ్రంగా ఒక వలయం. వలయం మధ్య రాతి పలకలు నిలబెట్టి, వాటి మీద ఒక పెద్ద బండ కప్పారు. ఆ బండని చూస్తే పది ఎడ్లు కట్టినా కదులుతుందా అనిపిస్తుంది. వంగి లోపలికి చూస్తే, ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి. సరిగ్గా మా ఊళ్ళో గొడ్లకి కుడితి పోసే తొట్టిలా ఉంది. చెప్పొద్దూ, అందులో మనుషుల ఎముకలు పెట్టేవారని అన్నయ్యగారు చెప్పేదాకా నేను దాని అంచు మీద చెయ్యి వేసుకునే నిలబడ్డాను.

అక్కడ మేకలు కాస్తున్న కుర్రాణ్ణి "ఇవేవిట్రా?" అనడిగితే, ఇంత తెలీదా అన్నట్టు చూసి "రాకాసి గుళ్ళు" అన్నాడు. మనుషులు ఎత్తలేని రాళ్ళు కనక రాక్షసులు ఎత్తారు. లెక్క సరిపోయింది. ఇంకొన్ని చోట్ల ఇలాంటివాటినే పాండవుల ఇళ్ళంటారు. వనవాసంలో పాండవులు ఇన్ని ఇళ్ళు కట్టుకుంటే అది వనవాసం ఎలా అవుతుందో నాకు తెలీదు గాని, మనవాళ్ళకి పెద్ద రాయి కనబడితే భీముడో బకాసురుడో గుర్తుకి రావలసిందే.

మనవాళ్ళ అమాయకత్వం అని నవ్వుకోనక్కర్లేదు. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ ఉంది కదా, దాని సంగతీ అంతే. అక్కడి పెద్ద రాళ్ళు నిలబెట్టింది క్రీస్తుకి పూర్వం 2500 ప్రాంతంలో. ఆ సంగతి మరిచిపోయాక, 12వ శతాబ్దంలో ఒక మతాచార్యుడు చరిత్ర రాస్తూ, ఆ రాళ్ళని రాక్షసాకారులు ఆఫ్రికా నుంచి ఐర్లండుకి తెచ్చారనీ, అక్కణ్ణించి మెర్లిన్ అనే మంత్రగాడు ఇంగ్లండుకి తెప్పించాడనీ రాశాడు. తరవాత ఇనిగో జోన్స్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి అది రోమన్ల గుడి అన్నాడు. ఆయన కట్టేవి రోమన్ పద్ధతి భవనాలే మరి! 18వ శతాబ్దంలో స్టుక్లీ వచ్చి, కాదు, డ్రూయిడ్లనే పూర్వపు పూజార్లది అన్నాడు. ఆయన తనే మతగురువు. రాయి మాట్లాడదు గనక దాని తరఫున ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడారు.

మన గోదావరి రాళ్ళ తరఫున మాట్లాడిన దొరల కథ ఇంకా చిత్రమైనది. జానంపేట నుంచి గోదావరి వెంట ఎగువకి పోతే ఇప్పటి ములుగు జిల్లాలో మంగపేట, మల్లూరు, తాడ్వాయి, కాటాపురం వస్తాయి. మేడారం జాతర జరిగే అడవులే అవి. 1868లో మల్హరన్ అనే సర్వే ఉద్యోగి ఆ అడవుల్లో రాతి గూళ్ళు చూశాడు. వాటి దగ్గర నిలబెట్టిన పొడుగాటి ఏకశిలలు చూశాడు. నిలువుగా ఒక కాండం, పైన చిన్న గుబ్బ, అటూ ఇటూ పొట్టి కొమ్మలు. ఆయన కంటికి అవి శిలువలు! గోదావరి అడవిలో, చర్చి లేని చోట, మనిషెత్తు రాతి శిలువలు.

ఈ సంగతి ఫెర్గూసన్ చెవిన పడింది. ఈయన కలకత్తాలో నీలిమందు వ్యాపారం చేసి, ఆ డబ్బుతో దేశమంతా తిరిగి మన గుళ్ళ వాస్తు మీద పుస్తకాలు రాసిన పెద్దమనిషి. సామాన్యుడు కాదు. 1872లో ప్రపంచంలోని మోటు రాతి కట్టడాలన్నిటి మీదా ఒక లావుపాటి గ్రంథం వేశాడు. అందులో ఈ కాటాపురం రాళ్ళు చేరాయి. ఇవి శిలువలే అన్నాడు. గూళ్ళూ శిలువలూ ఒక కాలానివే అన్నాడు. అంచేత ఈ గూళ్ళలో పూడ్చినవాళ్ళు ఎప్పుడో క్రైస్తవం పుచ్చుకున్న అడవిజనం అయి ఉండాలన్నాడు. ఇలాంటి కట్టడాలు ఎక్కడున్నా అంత పాతవి కావన్నది ముందునుంచీ ఆయన పట్టుదల. శిలువ దొరికితే ఇంకేం కావాలి!

ఆయన వాదం చదివినప్పుడు, ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకు కథ పండిందనిపించింది. అడవి మధ్య ఒక ఒంటరి క్రైస్తవ గూడెం, మత్తు పుట్టించే ఇప్పపూల వాసన, సాయంత్రం ప్రార్థన. సీరియల్ మొదటి వారం అప్పుడే కళ్ళ ముందు ఆడింది. నవలలు రాసేవాళ్ళని చరిత్ర దగ్గరికి రానివ్వకూడదనేది ఇందుకే. దక్కన్‌లో ఈ రాళ్ళ మీద ముందుగా శ్రద్ధ పెట్టినవాళ్ళలో ఒకడైన మెడోస్ టేలర్ కూడా నవలా రచయితే లెండి. థగ్గుల మీద 1839లో ఆయన రాసిన నవల ఇంగ్లండులో మోత మోగించింది. ఆయన 1865లో దక్కన్ రాళ్ళ మీద వేసిన వ్యాసం పేరులోనే వాటిని కెల్టులవి, లేదా డ్రూయిడ్లవి, లేదా శకులవి అని మూడు ముక్కలూ కలిపి పెట్టాడు. ముగ్గురు వరుల్లో ఎవరైనా ఫరవాలేదన్నమాట, పిల్లకి మాత్రం స్థానికుడు పనికిరాడు.

సీరియల్ మొదటి వారం అలాగే ఉండిపోయింది. ఎందుకంటే మరో రెండేళ్ళకి నేను దొంగతోగు వెళ్ళాను.

ఆ అడవుల్లో తోగు అంటే వాగు. తాడ్వాయి వైపు అడవిలో నడక. నాలాంటి డెల్టా మనిషికి ఎత్తు పల్లాలంటే కాలవ గట్టు ఎక్కి దిగడమే. రొప్పుకుంటూ వెళ్ళాను. అక్కడ కూడా జానంపేటలోలాగే గూళ్ళు. ఆ ప్రాంతమంతా ఇసకరాయి. బొగ్గు దొరికే నేలల్లో ఉండే రాయి అది. మన రోళ్ళు చేసే నల్లరాయిలా మొండిది కాదు. ఇనప ఉలి పెడితే పలకలుగా వస్తుంది, చెక్కితే చెక్కించుకుంటుంది. ఈ గూళ్ళు కట్టినవాళ్ళు ఇనుము తెలిసినవాళ్ళు. సుమారు 3000 ఏళ్ళ కిందటి నుంచి 2000 ఏళ్ళ కిందటి దాకా దక్షిణాది అంతటా ఇలాంటి సమాధులు లేచాయి. వాటిలో లోపల నలుపూ బయట ఎరుపూ అయిన కుండలు, ఇనప కత్తులు, పూసలు దొరుకుతాయి. క్రీస్తు పుట్టడానికి ఎన్ని వందల ఏళ్ళ ముందు మొదలైన పని! ఇక శిలువ సంగతేవిటి?

దాని ముందు నిలబడగానే తెలిసింది. గుబ్బ అంటే తల. అటూ ఇటూ పొట్టి కొమ్మలు భుజాలూ చేతులూను. కళ్ళూ ముక్కూ కనబడలేదు. కాని రొమ్ములున్నాయి. అది ఆడమనిషి! ఈ ప్రాంతంలోని బొమ్మల్ని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పని చేసిన ప్రొఫెసర్ కె.పి. రావు గారు లోకానికి బాగా తెలియజేశారు. తమిళనాట మోటూరు దగ్గర కూడా ఇలాంటి మనిషి ఆకారపు రాతి పలక ఉంది, అక్కడిది ఇంకా మోటుగా, ఒట్టి భుజాల వంపుతో ఉంటుంది. చనిపోయినవాళ్ళ బొమ్మలా, కాపలా దేవతలా, తల్లి దేవతలా అన్నది ఇంకా తేలలేదు.

నాకు మాత్రం చూడగానే అది ఒక ఇంటి ఇల్లాలు అనిపించింది. పోయిన మనిషిని మరిచిపోలేక ఎవరో నిలబెట్టుకున్నారనిపించింది. వెంటనే భయం కూడా వేసింది. వాస్తుశిల్పికి రోమన్ గుడి, మతగురువుకి పూజారులు, క్రైస్తవుడికి శిలువ కనబడ్డట్టు, నాకు ఇల్లాలు కనబడుతోందేమో! కృష్ణ ఒడ్డున నారాయణపేట జిల్లా ముడుమాలులో 10, 14 అడుగుల నిలువురాళ్ళున్నాయి. 2025లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. అక్కడ ఒక రాతి మీది గుంటల్ని శాస్త్రజ్ఞులు సప్తర్షి మండలంగా గుర్తుపట్టారు. ఊరివాళ్ళకి మాత్రం అవి నిలురాళ్ళ తిమ్మప్ప. పూజ చేసేవాడికి దేవుడు, చుక్కలు లెక్కపెట్టేవాడికి చుక్కలు. ఎవరి కళ్ళజోడు వారిది.

అయితే ఆ దొరలెవరూ గట్టిగా పట్టించుకోని ఒక సంగతి ఉంది. ఆ అడవుల్లో ఉన్న కోయవాళ్ళూ, ఆవల బస్తర్‌లో మాడియా గోండులూ, మన్యంలో గదబలూ, సవరలూ పోయినవాళ్ళ కోసం రాళ్ళు నిలబెట్టే జనం. బస్తర్‌లో ఆవునో ఎద్దునో కోసి తోక ఆ రాతికి కట్టేవారు. పాపికొండల రెడ్ల మధ్య ఉండి 1945లో పుస్తకం వేసిన హైమన్‌డార్ఫ్ ఈ ఆచారాల మీద చాలా ఆలోచించాడు. అందుకని ఈ గూళ్ళు కట్టింది కోయల తాతలే అని చెప్పెయ్యడానికి లేదు. నడుమ 2000 ఏళ్ళున్నాయి. అన్నేళ్ళలో ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో, ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారో. కాని రాయి ఎందుకు నిలబెడతారు అని అడగాలంటే కెల్టుల దగ్గరికీ శకుల దగ్గరికీ పోనక్కర్లేదు కదా, పక్క గూడెంలోనే అడగొచ్చు.

నేను అడిగింది మాత్రం గూడెంలో కాదు. పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళ కోసం కట్టిన ఒక పునరావాస కాలనీలో. 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉండి, ఆ ఏడు ఆంధ్రలో కలిసిన మండలాల్లో వేలేరుపాడు ఒకటి. అక్కడి రుద్రమకోట దగ్గర కూడా ఇలాంటి పాతకాలపు సమాధులున్నాయి. పురావస్తుశాఖవాళ్ళు తవ్వారు. ఆ నేల ప్రాజెక్టు ముంపులోది. నీళ్ళు నిండితే రాకాసి గుళ్ళు మునుగుతాయి. ఆ నీళ్ళు మా పొలాలకి కావాలి. డెల్టాలో పుట్టి, రెండు పంటల అన్నం తిని పెరిగిన నేను దీని మీద ఏం మాట్లాడినా సగం మాటే అవుతుంది. అందుకని మాట్లాడ్డం మానేసి వినడానికి వెళ్ళాను.

వరండాలో చింతపండు గింజలు తీస్తున్న ఒక ముసలమ్మ నాకు పీట వేసింది. కోయావిడ. "మీ ఊరి దగ్గర రాతి గూళ్ళు మీవాళ్ళవేనా అవ్వా?" అన్నాను. "మావి కావమ్మా. అవి మాకంటే ముందటియి. మావి వేరే" అంది. మావి అంటే ఏవిటని అడిగితే, మావఁది ఒకటి, పెనిమిటిది ఒకటి, ఊరి చివర ఇప్పచెట్టు కింద పాతిన రాళ్ళని చెప్పింది. వచ్చేటప్పుడు ఇంటి తలుపులు, దూలాలు, మంచాలు ట్రాక్టరు మీద తెచ్చుకున్నారు. రాళ్ళు తేలేదు. "తేకూడదా?" అన్నాను. "తెస్తే యాడ పాతాల?" అని వీధి కేసి చూపించింది. అటూ ఇటూ ఇళ్ళు, నడుమ సిమెంటు రోడ్డు.

నాకేం చెప్పాలో తోచక, ఫోన్లో దొంగతోగు బొమ్మ ఫొటో తీసి చూపించాను. ఏవిటని నేను చెప్పలేదు. ఆవిడ ఫోన్ని దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, గింజలంటిన వేలితో తెర మీద ఒకసారి తడిమింది.

"చేతులున్నయి గదా దీనికి" అంది. "మా రాళ్ళకి ఉండవు."

ఫోను నాకిచ్చేసి, మనవరాల్ని పిలిచి నాకు మంచినీళ్ళు తెమ్మంది.