వేట మాన్పించబోయిన కాలం

అలాస్కాలో రెయిన్‌డీర్ చరిత్రను చాలామంది 1892తో మొదలుపెడతారు. అక్కడి విద్యా వ్యవహారాలు చూసే షెల్డన్ జాక్సన్ అనే మిషనరీ ఆ ఏడాది సైబీరియా నుంచి 171 రెయిన్‌డీర్లను ఓడ మీద అలాస్కా తీరంలోని టెల్లర్‌కు తెప్పించాడు. వేట ఓడలు తిమింగలాలనూ వాల్రస్‌లనూ ఊడ్చిపెట్టడంతో తీరంలోని ఇనూపియాట్ ఆదివాసులకు తిండి కరువైంది. వేట మాని మందలు కాసుకుంటే ఆకలీ తీరుతుంది, నాగరికతా అబ్బుతుందని జాక్సన్ నమ్మాడు. మన నల్లమల చెంచులకూ పాలకులు ఇదే దారి చూపారు. మంద బదులు నాగలి, అంతే తేడా. ఆకలి నిజం, జాక్సన్ జాలీ నిజం. కానీ వేటను వెనకబాటుగా లెక్కకట్టడం తప్పు. ఆ నేలకూ అక్కడి జంతువులకూ సరిపడే బతుకు వేటే.

అలాస్కాలో తిరిగే అడవి కారిబూ, పెంపుడు రెయిన్‌డీర్ ఒకే జాతి. చలికాలంలో వాటికి నాచులా నేలను కప్పే లైకెన్ ముఖ్యమైన మేత. బాగా మేసేసిన చోట అది మళ్లీ ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే కారిబూ ఒకచోట నిలవదు, వందల మైళ్లు తిరుగుతుంది. కోబుక్ నది ఒడ్డున ఆనియన్ పోర్టేజ్ దగ్గర 1960లలో లూయీ గిడ్డింగ్స్ జరిపిన తవ్వకాల్లో మనుషులు మసలిన పొరలు ఒకదాని కింద ఒకటి బయటపడ్డాయి. అట్టడుగువి సుమారు 10,000 ఏళ్ల నాటివి. కారిబూ నది దాటే రేవు అది. ఈదుతున్న జంతువును పడవలోంచి బల్లెంతో పొడవడం సులువు. అందుకని దాని వెంటపడి అలసిపోకుండా, వచ్చే దారిలో కాచుకున్నారు. ఏ రుతువులో ఏ రేవుకు వస్తుందో తెలియడమే ఆ వేటలో అసలు విద్య. ఇన్ని వేల ఏళ్లు నిలిచిన విద్యను అనాగరికమనడం అన్యాయం.

మందల సంగతో? 1930ల తొలినాళ్లకు రెయిన్‌డీర్లు ఆరు లక్షలు దాటాయని అంచనా. 1937 చట్టం వాటి యాజమాన్యాన్ని స్థానిక జాతులకే పరిమితం చేసింది. 1950కల్లా మిగిలినవి సుమారు 25,000. మేత అరిగిపోయింది, తోడేళ్లు పడ్డాయి, ఎన్నో కారిబూలతో కలిసి వెళ్లిపోయాయి. అలాస్కాకే చెందిన సెయింట్ మాథ్యూ దీవి అనుభవం ఇంకా కఠోరం. యుద్ధకాలంలో, 1944లో, కోస్ట్ గార్డ్ అక్కడ 29 రెయిన్‌డీర్లను వదిలింది. తర్వాత మనుషులు వెళ్లిపోయారు. వేటాడేవాడు లేడు, తోడేలూ లేదు. 1963కి అవి 6,000 అయ్యాయి, లైకెన్ నేలమట్టమైంది. ఒక్క చలికాలపు ఆకలిచావులతో 1966లో లెక్కకు వచ్చినవి 42.

తుపాకీ వచ్చాక పాత విద్య మాట ఎందుకని అడగవచ్చు. ఆ ప్రశ్నలో బలం ఉంది. పశ్చిమ ఆర్కిటిక్ కారిబూ మంద 1970లో 2,42,000 ఉండగా 1976కు 75,000కు పడిపోయింది. అందులో వేట వాటా లేదనలేం. కానీ అప్పుడు వేటను నిషేధించలేదు, పరిమితం చేశారు. మంద 2003కి 4,90,000కు పెరిగింది. 2023లో మళ్లీ 1,52,000కు తగ్గినప్పుడు, రోజుకు ఐదు చొప్పున ఉన్న పరిమితిని ఏడాదికి నాలుగుకు దించమని అడిగింది పల్లెల వేటగాళ్లు సభ్యులుగా ఉన్న సంఘమే. 2024లో అలాస్కా వేట మండలి ఏడాదికి పదిహేను చాలంది, వాటిలో ఆడది ఒక్కటే ఉండాలంది.