సింగీతం శ్రీనివాసరావు

సింగీతం శ్రీనివాసరావు (జననం: సెప్టెంబర్ 21, 1931) ప్రముఖ సినిమా దర్శకుడు, కథా రచయిత. తెలుగు, తమిళ, కన్నడ భాషలలో అనేక చిత్రాలు రూపొందించాడు. 1991లో తన సొంత కథతో తీసిన ఆదిత్య 369 తెలుగులో సైన్స్ ఫిక్షన్ చిత్రాలకు దారి చూపింది.

తొలి జీవితం

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో జన్మించాడు. గజపతుల నుండి శ్రీకృష్ణదేవరాయలు జయించిన దుర్గం ఉన్న ఊరు ఇదే. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివాడు. తరువాత కె.వి.రెడ్డి వద్ద సహాయకుడిగా చేరి, మాయాబజార్ (1957) వంటి చిత్రాలకు పనిచేశాడు. చిత్రీకరణలోని మాయలను కథకు లొంగి ఉండేలా వాడటం ఆయన అక్కడే నేర్చుకున్నాడని చెప్పవచ్చు.

దర్శకునిగా

మొదటి చిత్రం నీతి నిజాయితి (1972). రాజాజీ రచన ఆధారంగా తీసిన తమిళ చిత్రం దిక్కట్ర పార్వతి (1974) జాతీయ పురస్కారం పొందింది. కమల్ హాసన్ నటించిన పుష్పక విమానం (1987) సంభాషణలు లేని చిత్రం. దీనికి కూడా జాతీయ పురస్కారం లభించింది.

ఆదిత్య 369

హెచ్.జి.వెల్స్ 1895లో వ్రాసిన ది టైమ్ మెషీన్ నవలను సింగీతం కళాశాల రోజులలోనే చదివాడు. ఆ ఆలోచన తెరకెక్కేసరికి ఆయనకు అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. వెల్స్ నవలలో యాత్రికుడు భవిష్యత్తుకు మాత్రమే వెళతాడు. సింగీతం కథలో కాలయంత్రం ముందుగా 1526 నాటి విజయనగరానికి, ఆపైన 2504వ సంవత్సరానికి చేరుతుంది. కాలయంత్రం అంటే ఏమిటో తెలియని ప్రేక్షకునికి కూడా రాయల కొలువు, తెనాలి రామకృష్ణుడు తెలుసు. కథ నిలబడటానికి ఈ మార్పే ముఖ్యకారణం. రామకృష్ణుడు రాయల తరువాతి కాలం వాడని కొందరు పరిశోధకుల అభిప్రాయం. సినిమా మాత్రం జనశ్రుతినే అనుసరించింది. భవిష్యత్తు భాగంలో యుద్ధానంతరం అణుధార్మికత వలన మనుషులు భూగర్భంలో నివసిస్తుంటారు. హాస్యం నిండిన ఈ చిత్రంలో భయపెట్టే భాగం ఇది.

నందమూరి బాలకృష్ణ కథానాయకునిగా, శ్రీకృష్ణదేవరాయలుగా రెండు పాత్రలు పోషించాడు. జంధ్యాల సంభాషణలు, ఇళయరాజా సంగీతం సమకూర్చారు. పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్ లాల్ ఛాయాగ్రహణం నిర్వహించారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ అంతగా అందుబాటులో లేని కాలం కావడంతో కళాదర్శకత్వం, దుస్తులపై ఎక్కువ భారం పడింది. ఈ రెండు విభాగాలలోనే చిత్రానికి నంది పురస్కారాలు దక్కాయి.

తరువాతి కాలం

తరువాత బాలకృష్ణతోనే జానపద చిత్రం భైరవ ద్వీపం (1994) తీశాడు. 2008లో ఘటోత్కచుడు కథను యానిమేషన్ చిత్రంగా రూపొందించాడు. నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024లో విడుదలైన సైన్స్ ఫిక్షన్ చిత్రం కల్కి 2898 ఏ.డి.కి మార్గదర్శకుడిగా వ్యవహరించాడు. ఆదిత్య 369 చిత్రాన్ని 4కె రూపంలో 2025 ఏప్రిల్ 4న మళ్ళీ విడుదల చేశారు.