నిజమైనా పలుకరాని మాట: యూదుల బోధలో నాలుక కాపుదల

పొరుగువానిమీద అబద్ధసాక్ష్యం పలుకకూడదన్న ఆజ్ఞను మన సంఘాలలో తరచుగా బోధిస్తాము. అయితే నిజాన్ని సైతం పలుకకూడని సందర్భముందని రబ్బీలు బోధించిన సంగతి మనకు అంతగా పరిచయం లేదు. హెబ్రీ భాషలో దీనికి ‘లషోన్ హరా’, అనగా చెడు నాలుక అని పేరు. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ తన ‘మిష్నే తోరా’లో అబద్ధపు నిందను వేరుచేసి, ఒకని గూర్చి నిజమే చెప్పి అతనిని కించపరచడం లషోన్ హరా అని వివరించాడు. అది ముగ్గురిని చంపుతుందని తాల్మూదు అంటుంది: పలికినవానిని, ఆలకించినవానిని, ఎవరిని గూర్చి పలికారో అతనిని.

మైమోనిడీస్ దీని ‘ధూళి’ని గూర్చి కూడా వ్రాశాడు. ఫలానావాని సంగతి ఎందుకులే, జరిగింది నేను చెప్పను అనడం ఆ ధూళియే. ఒకనిని అతని శత్రువుల యెదుట మెచ్చుకోవడమూ అంతే. ఆ మెప్పు వారిచేత నిందను పలికిస్తుంది. ఇక్కడ మేము సిగ్గుపడవలసి వచ్చింది. పాస్టర్ల సహవాసంలో ‘ఆ సహోదరుని కుటుంబం కోసం ప్రార్థించండి, వివరాలు అడగవద్దు’ అని మేమూ అన్నాము. ఆమేన్ అనకముందే వివరాలు బయటికి వచ్చేవి!

1873లో విల్నా నగరంలో, రచయిత పేరు లేకుండా, ‘హఫేత్స్ హయీమ్’ అనే గ్రంథం వెలువడింది. జీవమును కోరువాడు అని దాని భావం. ఈ పేరు 34వ కీర్తనలోనిది. అదే భాగాన్ని పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో వాడాడు. వ్రాసినవాడు రబ్బీ ఇశ్రాయేలు మెయిర్ కాగన్. నేటి బెలారూస్‌లోని రాదున్ ఆయన నివాసం. 1933లో మరణించేనాటికి ప్రజలు ఆయననే ఆ గ్రంథం పేరుతో పిలిచేవారు. తాల్మూదులోను, తరువాతి పండితుల రచనలలోను చెదరియున్న నియమాలను ఆయన ఒకచోట చేర్చాడు.

ఆయన మౌనాన్ని మాత్రమే బోధించాడనుకుంటే పొరపాటు. లేవీయకాండము 19:16లో కొండెములు కూడదన్న వెంటనే మరొక నిషేధముంది. మన తెలుగు బైబిలులో ప్రాణహాని తలపెట్టరాదన్న భావం కనబడుతుంది. రబ్బీలు హెబ్రీ మూలాన్ని, పొరుగువాని ప్రాణం పోతుండగా ఊరక నిలువరాదని గ్రహించారు. కాబట్టి పెండ్లి సంబంధంలోనైనా, వ్యాపార భాగస్వామ్యంలోనైనా కీడు పొంచియుందని ఎరిగినవాడు చెప్పవలసిందే. అయితే తొందరపడి తీర్పు తీర్చరాదు, ఉన్నదానికి మించి చెప్పరాదు, ద్వేషంతో చెప్పరాదు, వేరే మార్గముంటే అసలు చెప్పరాదు.

వరుని గూర్చి వాకబు చేయడానికి వధువు తండ్రి పాస్టరు యొద్దకే వస్తాడు. ఒకప్పుడు అలా వచ్చినాయనను ‘మంచి కుటుంబమే’ అని చెప్పి పంపివేశాము. అబ్బాయి త్రాగుడు మాకు తెలుసు. ఎవరి గూర్చీ చెడు పలుకలేదని ఆ రాత్రి తృప్తిపడ్డాము కూడా. మూడేండ్లకు ఆ అమ్మాయి పుట్టింటికి తిరిగి వచ్చింది.