ముగ్గురు మోయలేని మోత

1971 ఫిబ్రవరి. న్యూయార్క్ సెకండ్ ఎవెన్యూలో ఫిల్‌మోర్ ఈస్ట్ థియేటర్. ఆ వారాంతం ప్రోగ్రాంలో మూడు బృందాలున్నాయి. జనం ఎగబడింది బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన బ్లాక్ సబ్బత్ కోసం. వాళ్లకి ముందు బోస్టన్ కుర్రాళ్లు, జె. గైల్స్ బ్యాండ్. అందరికన్నా ముందు స్టేజీ ఎక్కాల్సిన వాళ్లు మాత్రం ఊళ్లోవాళ్లే. ఈస్ట్ రివర్ దాటితే వచ్చే బ్రూక్లిన్ వాళ్ల అడ్డా. పేరు సర్ లార్డ్ బాల్టిమోర్.

లైట్లు వెలుగుతాయి. గిటార్‌తో లూయీ డాంబ్రా, బేస్‌తో గ్యారీ జస్టిన్. పాడేవాడేడీ? ముందున్న మైక్ దగ్గర ఎవరూ లేరు. గొంతు వెనక నుంచి, డ్రమ్స్ మధ్య నుంచి వస్తోంది. జాన్ గార్నర్ రెండు చేతులతో, రెండు కాళ్లతో వాయిస్తూనే గొంతు చించుకుని పాడుతున్నాడు. ఆ రోజుల్లో డ్రమ్మర్ పాడటం కొత్తేమీ కాదు. కానీ గార్నర్‌ది పాట కాదు, అరుపు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకోవాలి. సింబల్స్ మీదుగా వంగిన మైక్‌కి నోరు దూరం కాకూడదు, తాళం తప్పకూడదు. మన బుర్రకథలో కథకుడూ తంబురా మీటుతూ, అందెలు మోగిస్తూ, అడుగులేస్తూ కథ నడిపిస్తాడు. కాకపోతే అతను ముందుకొచ్చి జనం కళ్లలోకి చూస్తాడు. గార్నర్‌కి ఆ వీలు లేదు. డ్రమ్స్ వదిలితే పాట ఆగిపోతుంది.

నా లెక్కలో వాళ్ల కథంతా ఇక్కడే ఉంది. అది అర్థం కావాలంటే కొన్నేళ్లు వెనక్కి వెళ్లాలి.

1968లో మొదలైన ఈ ముగ్గురి బృందం మైక్ యాపెల్ అనే మేనేజర్ చేతిలో పడింది. బృందం పేరు సినిమాలోది. ‘బుచ్ క్యాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్’లో ఇద్దరు దొంగల జాడ పట్టుకుని వెంటపడే వేటగాడు లార్డ్ బాల్టిమోర్. ముందు ఓ ‘సర్’ తగిలించారు. యాపెల్ ఉత్త మేనేజర్ కాదు. స్నేహితుడు జిమ్ క్రెటెకోస్‌తో కలిసి పాటలు రాసేవాడు. టీవీలో పిల్లాపాపలు చూసే ‘ది పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ’ కోసం తియ్యతియ్యని హిట్ పాట కట్టినవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు. ఈ ముగ్గురి తొలి ఆల్బమ్, చెవులు చిల్లులు పడే ‘కింగ్‌డమ్ కమ్’నూ వాళ్లే నిర్మించారు. పాట రాయడం వృత్తి అయినవాడు పంచదారైనా కారమైనా ఒకే చేత్తో వడ్డిస్తాడు కాబోలు.

రికార్డింగ్ న్యూజెర్సీలో, వెస్ట్ ప్యాటర్సన్‌లోని వాన్‌టోన్ స్టూడియోలో. 1970 ఫిబ్రవరిలో బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ వచ్చింది. దాన్ని ఇంచుమించు ఒక్క రోజులో, స్టేజీ మీద వాయించినట్టే వాయించి రికార్డు చేసేశారు. బ్రూక్లిన్ కుర్రాళ్లది వేరే దారి. డాంబ్రా ఒకసారి వాయిస్తాడు. టేపు వెనక్కి తిప్పుతారు. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇందాకటి తన వాయిద్యం తనే వింటూ, దాని మీద మరో గిటార్ పరుస్తాడు. మళ్లీ తిప్పుతారు, మళ్లీ ఇంకొకటి. ఒక్క మనిషి వేళ్ల నుంచి ఓ గిటార్ దండు పుట్టుకొస్తుంది. ఒకటి ఎడమ స్పీకర్‌లో ప్రశ్న వేస్తుంటే ఇంకొకటి కుడి స్పీకర్‌లోంచి మీద పడుతుంది. కింద జస్టిన్ బేస్ ఫజ్ పెట్టి బొంగురుగా గర్జిస్తుంటుంది.

ఆ టేపుల్ని మిక్సింగ్‌కి తీసుకెళ్లింది గ్రీనిచ్ విలేజ్‌లోని ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోకి. జిమీ హెండ్రిక్స్ తన కోసం కట్టించుకున్న స్టూడియో అది. 1970 ఆగస్టు 26న ప్రారంభోత్సవం జరిగింది. సెప్టెంబర్ 18న హెండ్రిక్స్ లండన్‌లో చనిపోయాడు. హెండ్రిక్స్ రికార్డులకు ప్రత్యేకమైన శబ్దం తెచ్చిన ఇంజనీర్ ఎడ్డీ క్రేమరే, కిమ్ కింగ్‌తో కలిసి ఈ కుర్రాళ్ల టేపులకూ పని చేశాడు. గిటార్లు ఈ చెవి నుంచి ఆ చెవికి గంతులేయడం వింటే ఆ చేతివాటం పోల్చుకోవచ్చు.

మెర్క్యురీ కంపెనీ 1970 ఆఖరులో విడుదల చేసిన ఆల్బమ్‌లో పది పాటలున్నాయి. ‘మాస్టర్ హార్టేక్’, ‘పంప్డ్ అప్’, ‘హెల్ హౌండ్’... పేర్లే చెబుతాయి వాటి వేగం. మధ్యలో ఉన్నట్టుండి ‘లేక్ ఐల్ ఆఫ్ ఇన్నర్స్‌ఫ్రీ’. ఐరిష్ కవి యేట్స్ కవితను గుర్తుచేసే పేరు, వెనక హార్ప్సికార్డ్, గార్నర్ గొంతులో హఠాత్తుగా మెత్తదనం. బాగుంది కానీ వాళ్ల ఇంట్లో పాట కాదు. నాకైతే చుట్టాలొచ్చారని ఇల్లు సర్దినట్టనిపిస్తుంది.

మళ్లీ ఫిల్‌మోర్‌కి వద్దాం. రికార్డులో ఉన్న అన్ని గిటార్లలో స్టేజీ మీదున్నది ఒక్కటే. ఆల్బమ్ విన్నవాడు ఆ దండు కోసం చూస్తాడు. వాయిస్తున్నది ఒంటరి డాంబ్రా. పైగా పాడేవాడు తెరచాటున ఉన్నట్టే ఉన్నాడు. తర్వాత వచ్చే సబ్బత్ ఏం రికార్డు చేసిందో అదే వాయిస్తుంది, ముందు నిలబడి గాయకుడు ఆజీ ఆస్బోర్న్ జనాన్ని ఆడిస్తాడు. ఇది ప్రతిభలో తేడా అని నేననను. స్టూడియోలో పెంచిన మోతను మోయడానికి స్టేజీ మీద మనుషులు చాల్లేదు. ఈ లోటు వాళ్లకీ తెలిసే ఉంటుంది. అదే 1971లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో లూయీ సోదరుడు జోయీ డాంబ్రా రెండో గిటార్ పట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. అమ్మకాలు లేవు. మెర్క్యురీ వదిలేసింది.

ఆ ఏడాది మే నెల ‘క్రీమ్’ పత్రికలో మైక్ సాండర్స్ ‘కింగ్‌డమ్ కమ్’ను మెచ్చుకుంటూ సమీక్ష రాశాడు. హెవీ మెటల్ ఎత్తుగడలు దాదాపు అన్నీ వీళ్లకు బాగా పట్టుబడ్డాయన్నాడు. ఓ సంగీత ధోరణికి ‘హెవీ మెటల్’ అనే మాట స్థిరపడటంలో ఆ సమీక్షకూ చోటుంది. ఆల్బమ్‌ను మరిచిపోయినవాళ్లు కూడా ఆ సమీక్షను తలుచుకుంటారు.

యాపెల్ ఖాళీగా కూర్చోలేదు. 1972లో న్యూజెర్సీ కుర్రాడొకడిని కొలంబియా రికార్డ్స్‌కి తీసుకెళ్లాడు. ఆ కుర్రాడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. 1973లో వచ్చిన తొలి ఆల్బమ్‌కి నిర్మాతలు మళ్లీ యాపెల్, క్రెటెకోస్‌లే. స్ప్రింగ్‌స్టీన్‌తో యాపెల్ స్నేహం తర్వాత కోర్టుకెక్కింది, అది వేరే గాథ.

డాంబ్రా పాస్టర్ అయ్యాడు. 1990లలో రెండు ఆల్బమ్‌లూ కలిపి ఒకే సీడీగా వచ్చేసరికి కొత్త తరం చెవిన పడింది. స్టోనర్ రాక్ వాయించేవాళ్లు వీళ్లను పెద్దలుగా చెప్పుకోవడం మొదలెట్టారు. 2006లో గార్నర్, డాంబ్రా కలిసి మూడో ఆల్బమ్ తెచ్చారు. గార్నర్ 2015 డిసెంబర్‌లో కన్నుమూశాడు.

‘కింగ్‌డమ్ కమ్’ మొత్తం విన్నా ముప్పావు గంట పట్టదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, సగం గిటార్లు వినపడవు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ముందుగా ‘హెల్ హౌండ్’ వినండి.